అన్నిటికన్నా కష్టమైన ఫోటో ఏది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. అందుకని, కెమెరాల ధరల గురించి, లెన్సుల ఎంపిక గురించి అడిగిన పాఠకులు మన్నించి వచ్చే సంచిక వరకు ఆగాలని కోరుతూ, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను ఫోటోగ్రఫీ మొదలుపెట్టి రెండేళ్లయింది. పెళ్లిళ్లు, పక్షులు, ప్రకృతి దృశ్యాలు, ఆటలు, నగల ప్రకటనలు ఇలా ఎన్నో రకాలు ఉన్నాయి కదా. వీటిలో మీకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది ఏది? ఎందుకు?
(ఒక పాఠకుడు, నరసరావుపేట)

జవాబు: ఈ ప్రశ్న అడిగినవారు సాధారణంగా పులి అనో, పిడుగు అనో, యుద్ధరంగం అనో చెబుతానని ఎదురుచూస్తారు. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న నాకు మాత్రం అన్నిటికన్నా కష్టమైనది పోర్ట్రెయిట్, అంటే ఒక మనిషి ముఖాన్ని ప్రధానంగా చూపే ఫోటో. అందులోనూ, ఫోటో దిగే అలవాటు లేని ఒక మామూలు మనిషిని, ముఖ్యంగా అరవై దాటిన పెద్దవారిని, ఎదురుగా కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్లు చూడగానే "అచ్చం మా నాన్నే" అనేలా ఒక్క ఫోటో తీయడం. కొండను తీసేటప్పుడు వెలుగు కోసం కాచుకోవాలి, క్రికెట్‌ను తీసేటప్పుడు బంతి ఎటు వెళుతుందో ముందే ఊహించాలి, నగలను తీసేటప్పుడు మెరుపును అదుపు చేయాలి. ఇవన్నీ సాధనతో పట్టుబడే విద్యలే, ఎందుకంటే కొండకు గానీ, బంతికి గానీ, నగకు గానీ తనను ఎవరో చూస్తున్నారన్న స్పృహ ఉండదు. మనిషికి ఉంటుంది.

అప్పటిదాకా బయట బెంచీ మీద కూర్చుని ఎరువుల ధరల గురించి చేతులు తిప్పుతూ మాట్లాడిన రైతు, లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చోగానే రెండు అరచేతులూ మోకాళ్ల మీద బోర్లించి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, పాతిన సరిహద్దు రాయిలా అయిపోతాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన ఎరిగినంతలో ఫోటో అంటే రేషన్ కార్డుకో, పట్టాదారు పాసు పుస్తకానికో, బ్యాంకు ఖాతాకో ఇచ్చేది. అటువంటి ప్రతిచోటా కదలవద్దని, నవ్వవద్దని, సూటిగా చూడమని చెప్పి పంపించాం. ఇన్నేళ్లు మనమే నేర్పిన పాఠాన్ని ఒక్క పూటలో మరిచిపొమ్మంటే ఎలా మరిచిపోతారు?

ఈ బిగుసుకుపోవడం ఫోటోగ్రఫీ పుట్టుకతోనే వచ్చింది. 1839లో తొలినాటి ఫోటో పద్ధతి అయిన డాగెర్ పద్ధతి లోకానికి తెలిసిన తొలి రోజుల్లో మంచి ఎండలో కూడా నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. తల అటూ ఇటూ కదిలితే ముఖం చెరిగిపోతుంది కనుక, మెడ వెనుక నుంచి పట్టి ఉంచే ఇనుప స్టాండ్లు ఆనాటి స్టూడియోల్లో ఉండేవి. ఇప్పుడు సెకనులో 200వ వంతు కాలం చాలు. అయినా మెడ వెనుక ఆ ఇనుప పట్టు ఇంకా ఉన్నట్టే మనవాళ్లు కూర్చుంటారు.

ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట డెబ్బై అయిదేళ్లు దాటిన ఒక పెద్దావిడను మనవడు మా స్టూడియోకు తీసుకువచ్చాడు. ముతక నేత చీర, చెవులకు బరువైన దుద్దులు, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. నలభై ఫోటోలు తీశాను. నలభైలోనూ ఒకే ముఖం, ఎవరో కోప్పడితే వింటున్నట్టున్న ముఖం. ఊరి సంగతులు అడిగాను, పొడిపొడిగా జవాబులు చెప్పింది. మనవడి చేత జోకులు చెప్పించాను, పళ్లు కనిపించకుండా పెదవులు మూసుకుంది. చివరికి విసిగిపోయి, కెమెరాను స్టాండు మీదే వదిలేసి రెండడుగులు పక్కకు జరిగాను. ఆవిడ నన్ను చూసి "అయిపోయిందా నాయనా?" అని అడిగి, ఇంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలి, పైట భుజం మీదికి సర్దుకుంటూ, గుమ్మం దగ్గరున్న మనవడి కోసం తల తిప్పింది. ఆ తిప్పడంలో కళ్లు మెత్తబడ్డాయి, కింది పెదవి ఒక పక్కకు కొంచెం సాగింది. రిమోట్ నా చేతిలోనే ఉంది కనుక నొక్కగలిగాను. నలభై ఒకటో ఫోటో ఒక్కటే ఆవిడది, మిగిలినవన్నీ స్టూలు మీద కూర్చున్న ఎవరివో.

అప్పటి నుంచి "అయిపోయిందండీ" అన్న తరువాతి అర నిమిషం కోసమే నేను అసలు సిద్ధపడతాను. ఇది మోసం కాదా అని ఒక శిష్యుడు అడిగాడు. అలా తీసిన ఫోటోను అక్కడికక్కడే వారికి చూపించి, ఉంచమంటారా, తీసేయమంటారా అని అడగడం నా నియమం. వద్దన్నవారి ఫోటో వెంటనే తొలగిస్తాను, అది ఎంత బాగా వచ్చినా సరే.

రెచ్చగొట్టి ముఖాన్ని రాబట్టినవారూ ఉన్నారు. 1941 డిసెంబరు 30న కెనడా రాజధాని ఒట్టావాలో బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ను ఫోటో తీయవలసి వచ్చిన యూసుఫ్ కార్ష్ అనే ఫోటోగ్రాఫర్, క్షమాపణ కోరుతూనే ఆయన నోట్లోని చుట్టను లాగేశాడు. ఆ క్షణంలో చర్చిల్ చూసిన కోపపు చూపే యుద్ధకాలపు బ్రిటన్ పట్టుదలకు గుర్తుగా ప్రపంచమంతటా నిలిచిపోయింది. ఒక దేశ ప్రధానమంత్రి దగ్గర ఆ చొరవ చెల్లింది. సంకోచంతో ముడుచుకుని కూర్చున్న ఒక పల్లెటూరి ముసలాయన దగ్గర అటువంటి పని చేయడానికి నాకు మనసొప్పదు, చేసినా ఆయన ఇంకా ముడుచుకుపోతాడు తప్ప తెరుచుకోడు.

ఇక సాంకేతికమైన ఇబ్బంది సంగతి. 85 మిల్లీమీటర్ల లెన్సును 1.8 అపర్చర్‌లో, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని బాగా తెరిచి పెట్టి, అయిదడుగుల దూరం నుంచి తీస్తే, ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు దాదాపు మూడు సెంటీమీటర్లు. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది, మనిషి ఊపిరి తీసుకుంటూ ముందుకు వాలితే కన్ను కూడా పోతుంది. పైగా మన పెద్దవారు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో వస్తారు. ఆ తెలుపును చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం ఫోటోను తగ్గించేస్తుంది, చామనఛాయ ముఖం నల్లబడిపోతుంది. అందువల్ల వెలుగును ముఖం మీదే కొలవాలి. ఇవన్నీ ఆయన లోపలికి రాకముందే మీరు సరిచూసుకుని ఉండాలి. ఆయన కూర్చున్నాక మీరు కెమెరా వెనుక తెర చూసుకుంటూ మీటలు తిప్పుతుంటే, తనలోనే ఏదో లోపం ఉందని ఆయన అనుకుంటాడు.

ప్రశ్న: మీ శీర్షికను క్రమం తప్పకుండా చదువుతాను. పోర్ట్రెయిట్ కష్టమని మీరు ఇంతకుముందు కూడా రాశారు. చలికాలం నాలుగు నెలలూ బురదలో పడుకుని పక్షులను తీసే మా కష్టం మీకు తెలియదేమో అనిపించింది.
(ఒక పాఠకుడు, సూళ్లూరుపేట)

జవాబు: తెలుసునండీ. పులికాట్ సరస్సు అంచున తెల్లవారక ముందే వెళ్లి ఫ్లెమింగోల కోసం కూర్చున్నాను, నేలపట్టు పక్షుల కేంద్రంలో నీటిలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెట్టడం చూశాను. మీ శ్రమ నా శ్రమకన్నా ఎక్కువ అనడానికి నాకేమీ సంకోచం లేదు. ఎగిరే పక్షి రెక్క స్పష్టంగా నిలవాలంటే సెకనులో 2000వ వంతు వేగం కావాలి, తెల్లవారుజామున అంత వేగానికి సరిపడా వెలుగు ఉండదు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) పెంచితే ఫోటోలో గరుకుదనం వస్తుంది. ఎండ ఎక్కాక నీటి మీది వేడి గాలి అలలకు మంచి లెన్సు కూడా దూరపు పక్షిని మసకగా చూపిస్తుంది.

అయినా నా మాట మీదే ఉంటాను. ఈ రోజు తప్పిన ఫ్లెమింగో రేపు మళ్లీ వస్తుంది, లేదా అటువంటిదే మరొకటి వస్తుంది. మీరు కదలకుండా కూర్చుంటే పక్షి మిమ్మల్ని మరిచిపోయి తన పని చూసుకుంటుంది. మనిషి ముందు నేను ఎంత కదలకుండా కూర్చుంటే అతనికి అంత ఇబ్బంది. ఓపిక మీకు అన్ని తలుపులూ తెరుస్తుంది, నాకు కొన్నిసార్లు ఉన్న తలుపును కూడా మూసేస్తుంది. గూళ్లు కట్టే కాలంలో మరీ దగ్గరికి వెళ్లవద్దని మాత్రం మీతోపాటు వచ్చే కొత్తవారికి చెప్పండి. తల్లి లేచిపోతే గుడ్ల మీద ఎండ పడుతుంది, కాకులు కాచుకుని ఉంటాయి.

ప్రశ్న: మా నాన్నగారు గత నెల కాలం చేశారు. విడిగా తీయించిన ఫోటో ఒక్కటీ లేదు. మా చెల్లి పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటోలోంచి ఆయన ముఖాన్ని పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించాలనుకుంటున్నాం. స్టూడియోవారు కంప్యూటర్‌లో బాగు చేసి ఇచ్చారు కానీ అమ్మకు నచ్చలేదు. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం)

జవాబు: ఇంత దుఃఖంలోనూ ఈ ఉత్తరం రాసిన మీకు నా సానుభూతి తెలియజేస్తున్నాను. పెద్దకర్మ దగ్గర పడుతుండగా ఇదే పని మీద మా స్టూడియోకు వచ్చే కుటుంబాలు నెలకు నాలుగైదైనా ఉంటాయి. పోర్ట్రెయిట్ కష్టమని, అయినా అది తీయకుండా ఉండకూడదని నేను పదేపదే రాయడానికి కారణం ఈ కుటుంబాలే.

మీ అమ్మగారికి ఎందుకు నచ్చలేదో లెక్క చూస్తే అర్థమవుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫోటో అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. వరుసకు పదిహేనుమంది నిలబడితే ఒక్కొక్కరికి అడ్డంగా 400 చుక్కలు వస్తాయి, అందులో ముఖం వెడల్పు 200 చుక్కలకు మించదు. 12×15 అంగుళాల ఫ్రేమ్‌లో ముఖం ఆరంగుళాల వెడల్పున రావాలంటే, అంగుళానికి 200 చుక్కల చొప్పున 1200 కావాలి. లేని ఆ వెయ్యి చుక్కలను కంప్యూటర్ తానుగా ఊహించి నింపుతుంది. ఎన్నో వేల ముఖాలను చూసి నేర్చుకున్న ఊహ అది, వాటిలో మీ నాన్నగారి ముఖం లేదు. మనకు కనిపించేది ఆయన పోలికలున్న మరొకరు. యాభై ఏళ్లు ఆ ముఖాన్ని చూసిన మనిషి దాన్ని ఒప్పుకోకపోవడం న్యాయమే.

ఈ విషయంలో నేనూ ఒకసారి తప్పు చేశాను. ఒక రైతు ఫోటోను పెద్దది చేస్తూ, కనుబొమ్మ పైన గీతలా ఉన్నదాన్ని పాత ప్రింటు మీది మరక అనుకుని చెరిపేశాను. ఆయన కొడుకు వచ్చి చాలాసేపు ఫోటోను చూసి, "కోడె పొడిచిన మచ్చ అండీ అది. అది లేకపోతే మా అమ్మ పోల్చుకోదు" అన్నాడు. అప్పటి నుంచి మరకలు తుడిచే ముందు ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడుగుతున్నాను.

మీరు ముందు చేయవలసింది వెతకడం. బంధువుల ఫోన్లలో, వాట్సాప్‌లో నలిగిన కాపీలు కాకుండా అసలు ఫైళ్లు అడగండి. పెళ్లి తీసిన ఫోటోగ్రాఫర్ దగ్గర ఆల్బమ్‌లోకి ఎక్కని ఫోటోలు వందల్లో ఉంటాయి. మీ నాన్నగారు కన్యాదానం చేశారు కనుక కాళ్లు కడిగే ఘట్టంలో దగ్గరగా తీసినవి తప్పక ఉంటాయి. ఇంకా పాతవి కావాలంటే నెగెటివ్ దొరుకుతుందేమో అడగండి, ప్రింటు వెలిసిపోయినా నెగెటివ్‌లో వివరం నిలిచి ఉండవచ్చు. ఏదీ దొరకకపోతే ఫ్రేమ్‌ను చిన్నది చేయించండి. 5×7 అంగుళాల్లో, ఏ మార్పూ లేకుండా, కొంచెం మసకగా ఉన్న అసలు ముఖాన్ని మీ అమ్మగారికి ఒకసారి చూపించండి.

ప్రశ్న: పదేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ముహూర్తం రెండోసారి రాదు, తప్పితే తప్పినట్టే. ఇంతకన్నా కష్టం ఏముంటుంది సార్?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: బాధ్యత విషయంలో మీ మాటకు ఎదురులేదు. తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తానికి, ముందురోజు ఉదయం నుంచి నిలబడే ఉన్న కాళ్లతో, అడ్డుతెర దించి జీలకర్రబెల్లం పెట్టే ఆ కొద్ది క్షణాలను ఇద్దరి ముఖాలూ కనిపించేలా పట్టుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. కెమెరా ఆటోఫోకస్ ముఖాలకు బదులు తెర గుడ్డను పట్టుకుంటుంది, తలంబ్రాల దగ్గర గాలిలోని బియ్యపు గింజలను పట్టుకుంటుంది. హోమం పొగ మీద ఎదురు ఫ్లాష్ వేస్తే తెల్లటి పొర కమ్ముకుంటుంది, ఫ్లాష్‌ను పక్కకో వెనక్కో మారిస్తే అదే పొగ అందంగా కనిపిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఫంక్షన్ హాల్లో నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి, ఫోటోల్లో అడ్డచారలు కనిపిస్తే షట్టర్ వేగాన్ని సెకనులో 100వ వంతుకో 50వ వంతుకో తెచ్చుకోండి.

అయితే పెళ్లి మీకు ఒక మేలు చేస్తుంది. మంగళసూత్రం ముడి వేసే కొడుకును చూస్తున్న తల్లికి కెమెరా గుర్తుండదు. అప్పగింతలప్పుడు తండ్రికి అసలే గుర్తుండదు. అటువంటి ముఖాలు మీకు అడగకుండానే దొరుకుతాయి. నేను ఖాళీ గదిలో, ఒక గోడ ముందు, ఏ సందర్భమూ లేకుండా అదే ముఖాన్ని అడుగుతున్నాను. మీరు వచ్చే పెళ్లిలో విడిది ఇంట్లో ఒక అరగంట మిగుల్చుకుని, రెండు వైపుల తాతయ్యలను, నాయనమ్మలను, అమ్మమ్మలను విడివిడిగా తీసి చూడండి. కష్టం ఎక్కడుందో మీకే తెలుస్తుంది, ఆ కుటుంబాలకూ మేలు చేసినవారవుతారు.

ప్రశ్న: నేను ఫోటోగ్రఫీలో డిప్లొమా చేస్తున్నాను. ఆడవాళ్లను ఫోటో తీయడం మహిళా ఫోటోగ్రాఫర్లకు తేలికని మా తరగతిలో అన్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: చాలా వరకు నిజమే, ఈ సంగతిని మీ నగరం నూట ముప్పై ఏళ్ల కిందటే గుర్తించింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్, 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. అంతటి నిపుణుడు కూడా, ఎదుటి మనిషి నిశ్చింతగా కూర్చోవడానికి తాను పక్కకు తప్పుకోవలసి ఉందని తెలుసుకున్నాడు. ఇప్పటికీ పల్లెల్లో పైట సర్దమని, తల కాస్త వంచమని మీరు చెప్పినంత చనువుగా నేను చెప్పలేను. ఆ చనువును ఫోటో కోసమే వాడండి, తొందరపెట్టడానికి వాడకండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. సంక్రాంతికి ఊరు వస్తున్నాను. ఎనభై రెండేళ్ల మా అమ్మమ్మకు మంచి ఫోటో తీయాలని ఉంది. నా దగ్గర ఫోను తప్ప కెమెరా లేదు. ఫోనుతో వీలవుతుందా?
(ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: తప్పకుండా వీలవుతుంది, ఒక రకంగా నాకన్నా మీకే తేలిక. నేను ఆవిడకు కొత్తవాణ్ని, మీరు మనవడు.

వచ్చిన మొదటి రోజు తీయకండి. రెండు మూడు రోజులు ఫోను చేతిలో పట్టుకుని ఇంట్లో తిరగండి, అది ఆవిడకు అలవాటు కావాలి. పొద్దున తొమ్మిదింటిలోపు గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ, ఎండ నేరుగా పడని వసారాలోనో, వీధి గుమ్మానికి ఒక అడుగు లోపలో, ముఖం బయటి వెలుగు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. కాళ్లు నేలకు ఆనాలి, ఎత్తు కుర్చీలో వేలాడితే భుజాలు బిగుసుకుంటాయి. ట్యూబ్‌లైట్ ఆర్పేయండి, లేకపోతే ముఖం ఒక పక్క నీలంగా, ఒక పక్క పచ్చగా వస్తుంది.

ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టకండి. అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఆరేడు అడుగుల దూరంలో, ఆవిడ కళ్ల ఎత్తుకు మీరూ కూర్చుని, 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు వాడండి. బ్యూటీ మోడ్ తప్పనిసరిగా ఆపేయండి, ఆ ముడతలు ఎనభై రెండేళ్ల జీవితం, వాటిని నున్నగా చేసే హక్కు ఫోనుకు లేదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో నెరిసిన వెంట్రుకల అంచులను, దుద్దులను ఫోను కోసేస్తుంది కనుక, అది పెట్టి కొన్ని, తీసేసి కొన్ని తీయండి. కళ్లజోడు ఉంటే తీయించకండి, అది ఆవిడ ముఖంలో భాగం. అద్దంలో కిటికీ మెరుస్తుంటే గడ్డం కొంచెం దించమనండి.

చేతులకు ఏదైనా పని ఇవ్వండి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, వత్తులు చేసుకుంటూనో ఉన్నప్పుడు ఆవిడ మీతో మాట్లాడుతుంది. నవ్వమని అడగవద్దు. మీ అమ్మ చిన్నప్పుడు చేసిన అల్లరి గురించో, పాత ఇంటి పెరట్లోని చెట్టు గురించో అడగండి, అడిగాక మీరు మాట్లాడకండి. ఒక మాట చెప్పి, తరువాతి మాట కోసం ఆగి చూసే ఆ చూపు వచ్చినప్పుడు నొక్కండి. తీసినవి ఆవిడకే చూపించి, ఏది ఉంచాలో ఆవిడనే ఎంచమనండి. మీరు ఎంచింది, ఆవిడ ఎంచింది ఒకటి కాకపోతే రెండూ ప్రింటు వేయించండి. మీరు విమానం ఎక్కేలోపే ఆ ప్రింట్లు ఆవిడ చేతిలో ఉండేలా చూడండి.